వృద్ధులకు గుండె కవాటం మారిస్తే జ్ఞాపకశక్తి దెబ్బతింటుందా?

గుండె నుంచి శరీరానికి రక్తం వెళ్లే దారిలోని బృహద్ధమని కవాటం ఇరుకైన వృద్ధుల కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. చికిత్స తరువాత చాలామందిలో ఆలోచనాశక్తి నిలకడగానే ఉంటుందని, అంతకుముందే మందగించిన కొందరిలో, బహుశా మెదడుకు రక్తప్రసరణ మెరుగుపడడం వల్ల, కాస్త పుంజుకుంటుందని కూడా అధ్యయనాలు చూపుతున్నాయి.

అసలు జాగ్రత్త పడవలసినది మొదటి కొద్ది రోజుల్లో వచ్చే డెలీరియం, అంటే వేళ, చోటు తెలియని తీవ్రమైన అయోమయం గురించి. ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స తరువాత ఇది ఎక్కువ. 2002లో ఫ్రాన్స్‌లో అలైన్ క్రిబియే తొలిసారి మనిషికి చేసిన, కాథెటర్ (రక్తనాళం గుండా పంపే సన్నని గొట్టం) ద్వారా కవాటం అమర్చే టావీ పద్ధతిలో తక్కువ. అయితే టావీ తరువాత తీసిన ఎమ్మారైలలో చాలామందికి, బయటికి ఏ లక్షణమూ లేకపోయినా, మెదడులో చిన్న మచ్చలు కనిపిస్తాయి. కవాటం నుంచి, ధమని గోడల నుంచి ఊడిన రేణువులు రక్తంతో పైకి చేరడమే దీనికి ముఖ్య కారణం.

ఆయాసం తగ్గి సొంత పనులు తామే చేసుకోగలగడం వల్ల జీవన నాణ్యత సాధారణంగా మొదటి కొన్ని నెలల్లోనే మెరుగవుతుంది. ఆయుష్షుతో పాటు దీనికీ అంతే విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. తరువాత మార్పు వస్తే పోల్చి చూడడానికి చికిత్సకు ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. డెలీరియం ముప్పు తగ్గేలా, ఆసుపత్రిలో కళ్లద్దాలు, వినికిడి యంత్రం, రాత్రి నిద్ర, పరిచితులైన మనుషులు వారికి దూరం కాకుండా చూడండి.