తిప్పతీగ అవునో కాదో తేలాలంటే ముదురు కాండం చూడండి

మీ వేపచెట్టుకు పాకిన తీగ ఆకు తమలపాకులా ఉందని, అది తిప్పతీగేనా అని అడిగారు. ఏటా పూస్తున్నా ఒక్క కాయా ఎందుకు పట్టడం లేదన్నది మీ రెండో ప్రశ్న.

ఆకును బట్టి ఖాయం చేసుకోకండి, అలాంటి ఆకులున్న తీగలు చాలా ఉన్నాయి. నేను తిప్పతీగను ఏళ్లుగా పెంచుతున్నాను. ఎవరు అడిగినా ముందు ముదురు కాండమే చూపిస్తాను. దాని మీద బూడిదరంగు పలచటి పొర ఉంటుంది. గోటితో గీకితే పొర లేచి, కింద పచ్చగా కనిపిస్తుంది. అడ్డంగా కోస్తే మధ్య నుంచి అంచుకు బండిచక్రపు ఆకుల్లా గీతలుంటాయి. నులితీగలు ఉండవు, కాండమే మెలి తిరుగుతూ చెట్టెక్కుతుంది.

నాకు బాగా నచ్చేవి దీని ఊడలు. ఒకసారి తీగను మొదట్లో కోసేస్తే, పైన కొమ్మకు చుట్టుకున్న భాగం వాడిపోలేదు. కండగల కాండంలో నీరు, పిండిపదార్థం నిల్వ ఉంటాయి కదా, ఆ బలంతోనే సన్నటి ఊడలు దించింది. అవి నేలను అందుకోగానే మళ్లీ చిగుళ్లు వేసింది. తిప్పతీగ ప్రాణం ఎంత గట్టిదో అప్పుడే చూశాను.

కాండమంతా గట్టి బొడిపెలుంటే మాత్రం జాగ్రత్త. అది టైనోస్పోరా క్రిస్పా కావచ్చు. తిప్పతీగ టైనోస్పోరా కార్డిఫోలియా. రెండూ ఒకే ప్రజాతివి కాబట్టి సులభంగా పొరబడతాం. తిప్పతీగ పువ్వుకు ఆరు పూరేకులు, క్రిస్పాకు మూడే. ఈ తేడాలు గమనించాలని 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా చెప్పింది. ఏ తీగో తేలేదాకా కషాయం జోలికి వెళ్లకండి.

ఇక కాయల సంగతి. తిప్పతీగలో మగ, ఆడ మొక్కలు వేరువేరు. మగతీగ ఎంత పూసినా కాయదు. దగ్గర్లో మగతీగ లేకపోతే ఆడతీగకూ కాయ పట్టదు. మనం ఎక్కువగా కాండం ముక్కలతోనే నాటుతాం కాబట్టి, ఒకే తీగ నుంచి పంచుకున్న ఇళ్లన్నిటిలో అదే లింగం ఉంటుంది. మా దగ్గరా అన్నీ మగతీగలే. కాయలు కాసే తీగ నుంచి ముక్క తెచ్చి నాటాక బఠాణీ గింజంత ఎర్రటి పండ్లు చూడగలిగాను.

ఎండాకాలంలో ఆకు రాలాక పసుపుపచ్చ పూలు వస్తాయి, చాలా చిన్నవి. అప్పుడు దగ్గరగా చూడండి. పూకాడ మీద ఒక్కోచోట గుంపుగా ఉంటే మీది మగతీగ, విడివిడిగా ఒక్కొక్కటే ఉంటే ఆడతీగ అయ్యే అవకాశం ఎక్కువ. దాన్నిబట్టి జత తీగ ముక్క వెతుక్కోవచ్చు.