తల్లిని బయట కూర్చోబెట్టి పిల్లను అడుగు

చి. లావణ్యకు అత్త ఆశీస్సులు.

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీ మందు ట్రయల్‌కి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందని చెప్పాడు. వాడి గొంతులో సంతోషం దాగలేదు. నాకూ అంతే. డిప్రెషన్‌తో కుంగిపోయిన పిల్లల కోసం మనింటి పిల్ల పనిచేయబోతోందంటే, మీ తాతయ్య ఉండి ఉంటే వీధంతా చెప్పుకొచ్చేవారు. కానీ మాటల మధ్యలో, "మందిచ్చేది డాక్టర్లేనక్కా, దీనిది కొలవడం వరకే" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. పాతికేళ్ళు నేను చేసింది ఆ కొలవడమే.

నీకు తెలిసినవి క్లుప్తంగా చెబుతాను. మొదటి పిల్లవాణ్ణి చేర్చుకోకముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చెయ్యి. ఏ స్కోరు, ఎన్నో వారం ముఖ్యమో ముందే రాసిపెట్టు. తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలూ తీసుకో. ఎవరికి ఏ మాత్ర అందుతోందో కొలిచేవాళ్ళకు తెలియకూడదు.

పిల్లల్లో డిప్రెషన్ ఎంతుందో కొలిచే సీడీఆర్ఎస్-ఆర్ స్కేలు వాడుతున్నావట. 17 అంశాలు, మొత్తం స్కోరు కనీసం 17, గరిష్ఠం 113. మామూలుగా 40 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే చేర్చుకుంటారు, 28 లేదా అంతకన్నా తగ్గితే కోలుకున్నట్టు లెక్క. అందులో మూడు అంశాలు అడిగేవి కావు, చూసేవి: మొహం, మాట తీరు, కదలిక. ఆ మూడింటి గురించే నీకు ఒక సంగతి చెప్పాలి. మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

చాలా ఏళ్ళ కిందట ఒక ట్రయల్‌లో రేటర్‌గా, అంటే ప్రశ్నలడిగి స్కోరు వేసే మనిషిగా, ఉన్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి. చివరి విజిట్ మే నెలలో పడింది. పిల్లను విడిగా, తల్లిని విడిగా అడిగి రెండూ బేరీజు వేయాలి, పద్ధతి అది. ఆ రోజు వరండా నిండా జనం, వాళ్ళకేమో నాలుగింటికి బస్సు. ఇద్దర్నీ కలిపే కూర్చోబెట్టాను. నేను ప్రశ్న అడగగానే పిల్ల తల్లి మొహం చూసేది, "బాగానే ఉందాంటీ" అనేది. తల్లి చెయ్యి పిల్ల జడ మీదే ఉంది. పిల్ల మాత్రం ఒళ్ళో ఉన్న ఫైలు అట్ట మీది ప్లాస్టిక్ పొరను గోరుతో లేపుతూనే ఉంది. లేచేసరికి సగం అట్ట బోడిగా మిగిలింది. నేను చూశాను. చూసి కూడా, చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న తల్లి ఎదుటే అడిగి, "లేదు" అంటే ఒకటి, అంటే ఇబ్బందేమీ లేనట్టు, వేశాను. చదువు ప్రశ్నకూ ఒకటే వేశాను. సెలవులు కదా, ఇబ్బంది ఏముంటుంది అనుకున్నాను. మొత్తం 27 వచ్చింది. కోలుకుంది అని టిక్కు పెట్టి నవ్వుతూ పంపించాను.

జూన్‌లో కాలేజీ తెరిచిన పది రోజులకు ఆ పిల్ల ప్రాణం తీసుకోబోయింది. బతికింది, తల్లీ, బతికింది. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మ ముందు అంత మాట ఎలా అనను?" అంది. తప్పు ఆ పిల్లదీ కాదు, తల్లిదీ కాదు, స్కేలుదీ కాదు. బస్సు టైమును బట్టి కొలిచినదాన్ని నేను.

అందుకే ఆ ప్రశ్న ప్రతి విజిట్‌లోనూ పిల్లను ఒంటరిగా అడుగు. జవాబు అవునైతే అదే గంటలో ఎవరిని పిలవాలో, తల్లికి ఎవరు ఎలా చెప్పాలో ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టు. ఆ సంగతి మొదటి రోజే పిల్లకూ చెప్పు, ఎవరికీ చెప్పనని మాటివ్వకు. ఫారంలో ఆత్మహత్య ఆలోచనను ఆ పేరుతోనే రాయి. ఉత్తర అమెరికాలో పారాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మీద చేసిన '329' అనే అధ్యయనంలో ఆత్మహత్య ఆలోచనలనూ ప్రయత్నాలనూ "భావోద్వేగ చాంచల్యం" అనే పద్దులో వేశారు. ముందు రాసుకున్న కొలమానాల్లో ఒక్కదానిలోనూ మందుకూ, మందు లేని డమ్మీ మాత్రకూ తేడా రాలేదు. అయినా 2001లో మందు బాగా పనిచేసిందని అచ్చువేశారు. అసలు కాగితాలు మళ్ళీ విప్పి లెక్కవేసి, అది నిజం కాదని ప్రకటించేసరికి 2015 వచ్చింది. ఆ పద్నాలుగేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిపోతుంది.

ఇంకొకటి. 38 వచ్చిన పిల్లకు రెండు కలిపి లోపలికి తీసుకోవాలనిపిస్తుంది, పాపం సాయం అందుతుందని. కలపకు. అలా పెంచిన స్కోరు తర్వాతి విజిట్‌లో దానంతటదే దిగుతుంది, దాన్ని మనం చికిత్స గొప్పతనం అనుకుంటాం. అమెరికాలో 439 మందితో చేసిన టాడ్స్ ట్రయల్‌లో డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళలోనే దాదాపు 35 శాతం మంది 12 వారాల్లో మెరుగుపడ్డారు. ఆ పోలికే లేకపోతే ఆ మెరుగంతా మందు ఖాతాలో పడేది.

తెలుగు ఫారాలు పిల్లల చేతికిచ్చి పైకి చదివించు. "నిరాశా నిస్పృహలు" అని రాసి ఉంటే వాళ్ళు తల ఊపుతారు, అర్థమై కాదు. "ఏమీ చేయబుద్ధి కావట్లేదా? ఊరికే చిరాకొస్తోందా?" అంటే కళ్ళెత్తి చూస్తారు. ఈ వయసులో దిగులు చాలాసార్లు విసుగు రూపంలోనే బయటపడుతుంది, ఇంట్లో దాన్ని పొగరు అంటారు.

కుదిరితే పిల్లల్నే అడుగు, నీకు ఏది బాగుపడితే బాగుపడినట్టు అని. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో చేసిన ప్రైడ్ ట్రయల్‌లో పిల్లలు తమ సమస్యలు తామే చెప్పి, వాటికి తామే మార్కులు వేశారు. అది డిప్రెషన్ ఒక్కదాని కోసం చేసింది కాదనుకో. ఆరు వారాలకు ఆ మార్కుల్లో తేడా కనిపించింది, మామూలు లక్షణాల స్కేలులో కనిపించలేదు. రెండూ పెట్టుకో. కానీ ఏది ముఖ్యమో ముందే రాయి, ఫలితం చూశాక మార్చావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను.

నీ విజిట్లు ఇంటర్ ఫలితాల వారంలో పడకుండా చూసుకో. వేళకు తిను. ఒక్కో రోజు ఆ గదిలోంచి బయటికి వచ్చాక ఏడుపొస్తుంది, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

వరండాలో తల్లుల కోసం ఒక బెంచీ వేయించు, ఫ్యాను కింద, మంచినీళ్ళ కుండ పక్కన. ఎండలో నిలబెడితే పాపం లోపలికి వచ్చేస్తారు.

మీ అత్త