పాత యూనివర్సిటీ పేరు చూసి చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ పాసైంది. పీజీసెట్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటొచ్చింది. 'ఆ గొప్పలన్నీ ఒకప్పటివి, ప్రైవేటులో డేటా సైన్స్‌లో చేర్పించండి' అని బంధువులంతా అంటున్నారు. ఏం చేయమంటారు? – ఓ తండ్రి, బొబ్బిలి

జవాబు: ఆ సీటు వదులుకోకండి సార్. అలాగని మహామహులు చదివిన చోటు కదా అని ఆ ఒక్క కారణంతో మాత్రం చేర్పించకండి.

అసలు ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. 1926లో బెజవాడలో మొదలై తర్వాత విశాఖ చేరిన యూనివర్సిటీ అది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. మంచి పాఠం ఎవరు చెబుతారా అని వెతికి మరీ తెచ్చుకున్నారు. తర్వాత కేంద్ర మంత్రి అయిన హుమాయూన్ కబీర్, కమ్యూనిస్టు ఎంపీ అయిన హీరేన్ ముఖర్జీ లాంటివాళ్లు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడే బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ క్లాసులు చెప్పారు, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, ఆ రోజుల్లో లక్ష!

ఇక మీ అమ్మాయి సబ్జెక్టులోనే ప్రపంచమంతా తెలిసిన సి.ఆర్. రావు గారు ఇక్కడి విద్యార్థే. మ్యాథ్స్ పీజీలో ఫస్ట్ క్లాస్, ఫస్ట్ ర్యాంకు. అయినా రీసెర్చ్ స్కాలర్‌షిప్ దొరకలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలం, మిలిటరీ సర్వే విభాగంలో లెక్కల ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు, అదీ రాలేదు. దిగిన హోటల్లో ఒకాయన పరిచయమై, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నానని చెబితే, ఈయనా వెళ్లి చూసి 1941లో అక్కడ చేరారు. 1945లో అచ్చయిన ఆయన పేపర్లోని క్రామర్–రావు ఫలితం (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పేది) మీ అమ్మాయి సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అంతటి ర్యాంకరుకే ఆనాడు యూనివర్సిటీ పేరు ఉద్యోగం తెచ్చిపెట్టలేదు, లెక్కల్లో పట్టు, ఇంకోచోట ఏముందో వెళ్లి చూద్దామన్న చొరవ నిలబెట్టాయి.

అందుకే ఫీజు కట్టే ముందు ఒకరోజు అమ్మాయిని తీసుకుని డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. ఆఫీసులో కాదు, సెకండియర్ పిల్లల్ని అడగండి: క్లాసులు రోజూ జరుగుతున్నాయా, ల్యాబ్‌లో ఆర్ (R), పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు చేయిస్తున్నారా, కిందటేడు సీనియర్లు ఎక్కడ చేరారు? ఇవే ప్రశ్నలు ప్రైవేటు కాలేజీలోనూ అడగండి, బ్రోషర్ చూసి మాత్రం సరిపెట్టుకోకండి. డేటా సైన్స్ అన్నదానికి పునాది స్టాటిస్టిక్సే కాబట్టి, ఇది చదివి అటు వెళ్లడం సులువు, పునాది లేకుండా టూల్స్ మాత్రమే నేర్చుకుంటే టూల్ మారినప్పుడల్లా టెన్షనే.

ఇంకో మాట, కేంద్ర ప్రభుత్వ స్టాటిస్టిక్స్ ఉద్యోగాలకి యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షని 21 నుంచి 30 ఏళ్ల లోపు వాళ్లు రాయొచ్చు. నాలుగు పేపర్లు స్టాటిస్టిక్స్‌వే, అందులో రెండు వివరంగా రాయాల్సినవి. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ నుంచే పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుని చదవమనండి.