సమాధానం: మే నెలాఖరులో మిచిగన్ సరస్సులో ఈత

షికాగోలో ఎండ 25 డిగ్రీలు చూపిస్తోంది కాబట్టి పిల్లలతో సరస్సులో ఈత కొట్టొచ్చా అని అడిగారు కదండీ. గాలి లెక్క నీళ్లకు పనికిరాదు. అంత లోతైన సరస్సు వేడెక్కడానికి నెలలు పడుతుంది. మే చివర్లో నీళ్లు సాధారణంగా 10-15 డిగ్రీల మధ్యే ఉంటాయి. మన బెంగళూరు అపార్ట్‌మెంట్ పూల్ డిసెంబరులో వణికిస్తుంది చూడండి, ఇది అంతకన్నా చల్లన! ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగపీల్చి నీళ్లు మింగేస్తారు. ఈత బాగా వచ్చినవాళ్లకీ అదే ప్రమాదం.

వీలైతే టికెట్లు ఆగస్టుకి మార్చండి, అప్పుడు 20 దాటుతుంది. అప్పుడైనా ఒడ్డు నుంచి లోపలికి గాలి గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు కొట్టుకుపోయి, అడుగునున్న చల్లనీళ్లు పైకొస్తాయి. బీచ్‌లో ఎర్రజెండా ఉంటే మాత్రం దిగకండి.