నొప్పికి డిప్రెషన్ మందు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. ఏడాదిగా అరికాళ్లలో మంటలు, సూదులతో పొడిచినట్లు పోట్లు. రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. డాక్టరుగారు పడుకునేముందు వేసుకోమని అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అది డిప్రెషన్‌కు వాడే మందని తెలిసి, ‘నా నొప్పి ఉత్తదే అనుకుంటున్నారా?’ అని బాధపడి అమ్మ వారానికే మానేశారు. మళ్లీ వాడమని చెప్పవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి నొప్పి ముమ్మాటికీ నిజం. మధుమేహం వల్ల దెబ్బతిన్న నరాలు, పైకి ఏ గాయమూ లేకపోయినా, నొప్పి సంకేతాలను పంపుతూనే ఉంటాయి. ఇటువంటి నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే కొన్ని నాడీమార్గాలు ఆ సంకేతాలను సహజంగానే అదుపు చేస్తుంటాయి. అవి వాడుకునే నార్‌అడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలను అమిట్రిప్టిలిన్ వంటి డిప్రెషన్ మందులు ఎక్కువసేపు నిలిపి ఉంచుతాయి కనుక, డిప్రెషన్ లేనివారికి కూడా నొప్పి తగ్గే అవకాశం ఉంది. మోతాదు చూసినా తేడా తెలుస్తుంది: డిప్రెషన్‌కు అమిట్రిప్టిలిన్ తరచుగా రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు, నొప్పికి 10తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి మెల్లగా పెంచుతారు. ఈ సంగతి మందు రాసేటప్పుడే రోగికి విడమరచి చెప్పడం వైద్యుల బాధ్యత అని నా అభిప్రాయం.

వారం రోజుల్లో దీని గుణం తేలదు. కొన్ని వారాలు పడుతుంది. అందరికీ పనిచేయదు, పనిచేసినవారికీ నొప్పి పూర్తిగా పోవడం అరుదు. సగానికి తగ్గితే మంచి ఫలితమే. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, దుప్పటి కప్పుకోగలిగారా అన్నవి రోజూ రాసిపెట్టమనండి. మోతాదు మార్చాలో లేదో నిర్ణయించడానికి ఆ కాగితం డాక్టరుగారికి ఎంతో ఉపయోగపడుతుంది.

నోరు ఎండడం, ఉదయం మత్తు, మలబద్ధకం కనిపించవచ్చు. గుండెజబ్బు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), మూత్రం సరిగా రాకపోవడం వంటివి ఉంటే ముందే చెప్పాలి. ఈ మందు పడకపోతే డ్యులాక్సెటిన్ అనే మరో డిప్రెషన్ మందు ఉంది. దీర్ఘకాలిక నొప్పికి ఈ తరగతి మందులపై జరిగిన అధ్యయనాలను పరిశీలించిన 2023 నాటి కొక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష డ్యులాక్సెటిన్‌కే ఎక్కువ ఆధారాలు ఉన్నాయనీ, 60 మిల్లీగ్రాములకు మించి ఇచ్చినా అదనపు మేలు కనిపించలేదనీ తేల్చింది. అయితే కాలేయ వ్యాధి ఉన్నవారికి అది తగదు. వీటిలో ఏది వాడుతున్నా, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రను సొంతంగా కలిపి వేసుకోకూడదు. సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఇంత తక్కువ మోతాదును వారం వాడి ఆపినందువల్ల సాధారణంగా హాని ఉండదు, కంగారుపడకండి. నెలల తరబడి వాడిన తరువాత మాత్రం ఒక్కసారిగా మానకుండా క్రమంగా తగ్గించుకోవాలి. అమ్మగారిని ఒకసారి మళ్లీ డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లి, ఆమె మనసులోని అనుమానాన్ని ఆయన ముందే అడగనిచ్చి, ఆ తరువాత మందు మొదలుపెట్టించండి.