ఇటలీ పాత పట్టణాల నడుమ పక్షుల కోసం మూడు ఉదయాలు

ప్రశ్న: మా అమ్మాయి మిలన్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే ఏప్రిల్ ఆఖరులో నేనూ మా వారూ తన దగ్గరికి వెళ్ళి, అటునుంచి బొలోన్యా, రవెన్నా, ఫెరారా, వెనిస్ చూడాలనుకుంటున్నాం. శీతాకాలంలో నేలపట్టు, పులికాట్ వెళ్ళి పక్షులను చూడడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఈ పట్టణాల మధ్య రెండు మూడు రోజులు పక్షుల కోసం తీసిపెట్టుకోవడం వీలవుతుందా? మాకు అక్కడ కారు నడిపే వీలు లేదు. నా మోకాళ్ళు ఎక్కుడు దిగుడు తట్టుకోవు. మా వారికి పక్షులకంటే పాత కట్టడాలంటే ఇష్టం, పైగా ఆయన శాకాహారి. అక్కడ కనిపించే ఫ్లెమింగోలు మన పులికాట్‌కు వచ్చేవేనా అన్నది నా మరొక సందేహం.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తప్పకుండా వీలవుతుంది. మీరు చెప్పిన పట్టణాల్లో రవెన్నాను మకాంగా పెట్టుకుని అక్కడ నాలుగు రాత్రులు ఉండగలిగితే, పక్షుల కోసం ప్రత్యేకంగా రోజులు తీసిపెట్టే అవసరం కూడా ఉండదు; తెల్లవారుజాము, సాయంత్రం మీవి, మధ్యాహ్నం మీవారిది అని రోజును పంచుకుంటే సరిపోతుంది. ఆ ఊళ్ళో చరిత్ర, చిత్తడి నేల పక్కపక్కనే ఉండడానికి కారణం ఉంది. పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ 402లో తన రాజధానిని మిలన్ నుంచి రవెన్నాకు మార్చినది చుట్టూ ఉన్న బురదనేలలూ మడుగులూ శత్రువును దూరంగా ఉంచుతాయన్న నమ్మకంతోనే. నాడు కోటకు కందకంలా పనిచేసిన ఆ నేలల్లో మిగిలినవే నేడు కొంగలకూ ఫ్లెమింగోలకూ ఆశ్రయమిస్తున్నాయి. పో నది డెల్టా దక్షిణపు అంచు అది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరును చూసినవారికి ఆ నేల స్వభావం వెంటనే అర్థమవుతుంది.

మీరు ఎంచుకున్న కాలం చాలా మంచిది. ఆఫ్రికాలో శీతాకాలం గడిపిన పక్షులు మధ్యధరా సముద్రం దాటి వచ్చి గూళ్ళు కట్టడం మొదలుపెట్టే రోజులవి. ఏప్రిల్ మొదట్లో వెళితే కొన్ని ఇంకా వచ్చి ఉండవు, మే చివరికి అడవి దారుల్లో దోమలు పెరిగి ఆకు దట్టమై పక్షి కనపడదు. ఏప్రిల్ 25, మే 1 ఇటలీలో జాతీయ సెలవులు కాబట్టి ఆ వారంలో గదులు ముందుగానే నిండిపోతాయి. మీ ప్రయాణం సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతున్నందున విమానం టికెట్లతోపాటే రవెన్నా గది కూడా ఖాయం చేసుకోండి.

మొదటి ఉదయం రైలు ఎక్కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చెర్వియాకు వెళ్ళండి. ఈ పట్టణం ఒకప్పుడు ఉప్పు మడుల నట్టనడుమ ఉండేది. మలేరియా జనాన్ని తినేస్తుండడంతో 1697లో పోప్ అనుమతి తీసుకుని ఊరిని మొత్తంగా సముద్రపు ఒడ్డుకు తరలించి, గీత గీసినట్లున్న వీధులతో కొత్తగా కట్టారు. ఉప్పు మడులు మాత్రం పాత చోటే ఉన్నాయి. స్టేషన్ నుంచి టాక్సీలో వాటి సందర్శక కేంద్రానికి వెళితే, గట్ల మీద ఎక్కుడు దిగుడు లేకుండా నడవవచ్చు. సన్నని గులాబీ కాళ్ళ బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లను మీరు మన చెరువుల్లో ఎన్నోసార్లు చూసి ఉంటారు. వాటిని ఇటాలియన్లు ‘ఇటలీ రౌతు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకుంటారు. ముక్కు పైకి వంగిన అవొసెట్‌లు కూడా అక్కడ ఉంటాయి.

రెండో ఉదయాన్ని పుంతే అల్బెరెతేకు కేటాయించమని గట్టిగా చెబుతాను. ఒక్క చోటికే వెళ్ళగలమంటే కూడా నేను పంపేది అక్కడికే. రవెన్నాకు ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో, నీటిలో నిలబడిన చెట్ల అడవి అది. చెట్టు చెట్టునా గూళ్ళుండే నేలపట్టుకు అలవాటుపడిన మీకు అక్కడ కొత్తగా అనిపించదు. అయితే చూపు నిలపవలసినది మనకు లేని పక్షుల మీద. ఎర్ర నారాయణ పక్షి, చింతవొక్కు మన దగ్గరా ఉన్నవే. మన గుడ్డి కొంగకు చాలా దగ్గరి చుట్టమైన స్క్వాకో కొంగ మాత్రం ఇక్కడే చూడాలి: మన గుడ్డి కొంగ వీపు గూళ్ళు కట్టే కాలంలో మెరూన్ రంగుకు తిరిగితే, దీని ఒళ్ళంతా బంగారు ఛాయకు వచ్చి ముక్కు నీలంగా మారుతుంది, ఎగిరితే రెండిటికీ ఒకే తెల్లని రెక్కలు. మన చిన్న నీటికాకికి దగ్గరి చుట్టమైన పిగ్మీ కార్మొరెంట్ అనే మరొక బుల్లి నీటికాకి కూడా అక్కడ గూళ్ళు కడుతుంది. నైటింగేల్ పాటను కూడా వినగలుగుతారు. సరోజినీ నాయుడుకు ఆంగ్లంలో ఉన్న ఆ బిరుదును మనం ‘భారత కోకిల’ అని అనువదించుకోవడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, కానీ నైటింగేల్ పొదల్లో దాగి రాత్రీ పగలూ పాడే చిన్న గోధుమరంగు పిట్ట. దక్షిణ భారతంలో అది లేదు. అది కనపడకపోయినా బాధపడకండి, పొద పక్కన కదలకుండా పది నిమిషాలు నిలబడి వింటే ప్రయాణం సార్థకమైనట్టే.

ఇక్కడికి వెళ్ళే విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ అడవి పక్కనుంచి పోయే రొమేయా రహదారి లారీలతో రద్దీగా ఉంటుంది కాబట్టి దూరం తక్కువని నడుద్దామనిగానీ సైకిల్ అద్దెకు తీసుకుందామనిగానీ అనుకోవద్దు. రానూ పోనూ టాక్సీని ముందు రాత్రే మాట్లాడుకోండి. ఆ రోజుల్లో ఉదయం ఆరింటికి కాస్త అటూ ఇటూగా తెల్లవారుతుంది. ఏడు లోపు అడవిలో ఉంటే పదింటికి రవెన్నాకు తిరిగి వచ్చేయవచ్చు. ఈ ప్రాంతాన్ని 2023 మే నెలలో పెద్ద వరదలు ముంచెత్తాయి, కాబట్టి భారీ వర్షం పడిన వారంలో దారి తెరిచి ఉందో లేదో హోటల్ వారి ద్వారా అడిగి తెలుసుకోవడం మంచిది.

మూడో ఉదయం ఫ్లెమింగోల కోసం. సాంతాల్బెర్తో అనే గ్రామం దగ్గర రేనో నది మీద బల్లకట్టు నడుస్తుంది. అది దాటితే కరకట్ట, దానికి ఒకవైపు నది, మరొకవైపు కొమాక్కియో ఉప్పునీటి సరస్సు. కట్ట మీద చదునుగా నడుస్తూ ఫ్లెమింగో గుంపులను తీరికగా చూడవచ్చు. బల్లకట్టు పనిచేస్తోందో లేదో ముందురోజే కనుక్కోండి. మీ సందేహానికి జవాబు: జాతి ఒక్కటే, పక్షులు మాత్రం అవి కావు. పులికాట్‌కు వచ్చేవి ప్రధానంగా కచ్ఛ్ రణ్ వంటి చోట్ల పుట్టి మన ఉపఖండంలో తిరిగేవి. కొమాక్కియోలోనివి ఫ్రాన్స్, స్పెయిన్, సార్డీనియా తీరాల మధ్య మధ్యధరా చుట్టూ తిరిగేవి. కొమాక్కియో పాత ఉప్పు మడుల్లో అవి 2000 నుంచి గూళ్ళు కడుతున్నాయి. కొన్నిటి కాళ్ళకు అక్షరాలున్న ప్లాస్టిక్ ఉంగరాలు ఉంటాయి. కనిపిస్తే రంగు, అక్షరాలు రాసుకోండి, ఆ పక్షి ఎక్కడ పుట్టిందో పరిశోధకులు దాని ద్వారానే గుర్తిస్తారు. గూళ్ళ వైపు మాత్రం కట్ట దిగి వెళ్ళవద్దు. ఒక్కసారి బెదిరితే గుంపు గుడ్లను వదిలి లేచిపోతుంది.

ఇక మీవారి సంగతి. రవెన్నాలో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఎనిమిది కట్టడాలున్నాయి. వాటిలోని మొజాయిక్‌లను, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన చిత్రాలను చూసేటప్పుడు మీ బైనాక్యులర్ ఆయనకు కూడా ఇవ్వండి, ఎందుకంటే అసలు అందమంతా కప్పుల్లో, కమానుల్లో ఉంది. గల్లా ప్లాచీదియా సమాధి మందిరంలో గిన్నెలో నీళ్ళు తాగుతున్న పావురాలు, ఆర్చిబిషప్ ప్రార్థన మందిరపు ముందు గది కప్పు నిండా రకరకాల పిట్టలు, 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలే చర్చిలో నెమళ్ళు కనిపిస్తాయి. మన దేశపు పక్షి అంత దూరం వెళ్ళి ఆరో శతాబ్దపు గోడ మీద నిలిచిందన్న సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలోని క్లాస్సేలో సాంత్ అపొల్లినారే బాసిలికా ఉంది. రోమన్ నౌకాదళపు రేవు ఉండిన చోటు అది; పూడిక పడి సముద్రం దూరం జరిగిపోగా ఇప్పుడు చుట్టూ పొలాలే. ఊళ్ళోని ముఖ్యమైన మందిరాలకు ఉమ్మడి టికెట్ ఉంది, గల్లా ప్లాచీదియాకు మాత్రం ప్రవేశ సమయం ముందుగా ఎంచుకోవాలి.

భోజనానికి ఆయన ఇబ్బంది పడనవసరం లేదు. ఇక్కడి పియదీనా అనే రొట్టెలో జున్ను, ఆకుకూర పెట్టి ఇస్తారు. అయితే పిండిలో పంది కొవ్వు కలపడం ఆనవాయితీ కనుక ఆలివ్ నూనెతో చేసినదే కావాలని అడగాలి. ఫెరారాలో గుమ్మడికాయ ముద్ద కూరిన పాస్తాను వెన్నతో ఇమ్మని అడగండి.

సామాను తక్కువ చాలు: ఎనిమిది రెట్ల బైనాక్యులర్, ఉదయపు చలికి ఒక స్వెటర్, తడికి తట్టుకునే బూట్లు, కూతను బట్టి పక్షిని గుర్తించే మెర్లిన్ యాప్‌లో యూరప్ పక్షుల సమాచారం. ఆ యాప్‌లోని కూతను మాత్రం పక్షికి వినిపించి రప్పించవద్దు, అది గూడు కాపలా కాసే కాలం.

రవెన్నా నుంచి వెనిస్‌కు వెళ్ళే ముందు రాత్రి ఫెరారాలో ఆగండి, రైలులో గంటంబావు ప్రయాణం. 1385లో మొదలుపెట్టిన ఎస్తే ప్రభువుల కోట చుట్టూ ఇప్పటికీ నీటి కందకం ఉంది. పొద్దు వాలే వేళ దాని ఎదుట ఒక బెంచీ మీద కూర్చోండి. గూడు కట్టడానికి తప్ప నేల మీద గానీ కొమ్మ మీద గానీ వాలని స్విఫ్ట్ పక్షులు ఆఫ్రికా నుంచి వచ్చి, పాత గోడల సందుల్లో గూళ్ళు పెట్టుకుని, బురుజుల చుట్టూ కేకలు వేస్తూ తిరుగుతుంటాయి. మీరు పక్షులనూ ఆయన కోటనూ చూస్తూ, ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే వైపు చూడవచ్చు.