ఎదురింటి బోర్డు చూసి తలుపేసుకోకు

తమ్ముడూ, అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న మన్రోవిల్‌లో కొత్తగా దిగావు. ఎదురింటాయన గడ్డిలో పాతిన ఎన్నికల బోర్డు చూస్తే ఒళ్ళు మండుతోంది, పలకరించాలా వద్దా అని అడిగావు. పలకరించు. జీతం ఎలాగూ వస్తుంది, ఇండియన్ స్టోర్లో గోంగూర కూడా దొరుకుతుంది. మనుషులే దొరకరు. నచ్చని బోర్డున్న ఇల్లల్లా లెక్కలోంచి తీసేస్తే జనవరిలో నీతో మాట్లాడేది నీ ఫోనొక్కటే. పిట్స్‌బర్గ్ జనవరి నీకింకా తెలీదులే.

వీసా మీద ఉన్నవాడికి ఓటు లేదు, ఎన్నికల చందాలూ ఇవ్వకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కాగితాల్లో ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టకు. మిగతావి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో.

నేనొచ్చిన కొత్తలో మా పక్కింటాయన, బయటి సరుకు మీద సుంకం వెయ్యాలి, పనులు దేశం దాటిపోకూడదు అన్నాడు. కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చినవాణ్ణి కదా, ఆ మాట నన్నే అన్నాడనుకున్నా. అక్కడే నిలబెట్టి ఎకనామిక్స్ దంచాను. పాపం, విన్నంతసేపు విని గుడ్ నైట్ చెప్పి లోపలికెళ్ళాడు. నోరు మూయించానని మీ వదిన దగ్గర గొప్పలు పోయాను కూడా. ఆ చలికాలం మంచు తవ్వడానికి మాకు పార లేదు, ఆయన్ని అడగడానికి మొహం లేదు. శనాదివారాలు మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ గడిపాం. నాకు ఇవన్నీ చెప్పే అన్న ఎవడూ లేడు, నీకున్నాడు.

తర్వాతెప్పుడో తెలిసింది, ఆయన తండ్రి హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు మనిషని. ఆ మిల్లు 1986లో మూతపడింది. నువ్వు సినిమాకెళ్ళే వాటర్‌ఫ్రంట్ ఆ స్థలమే, అక్కడ వరసగా నిలబడ్డ ఇటుక పొగగొట్టాలు ఆ మిల్లువే. కార్నెగీ అంటే మనకి లైబ్రరీలు కట్టించిన దాత. ఆ ఇంట్లో మాత్రం ఆ మిల్లులోనే జరిగిన 1892 సమ్మెలో కార్మికుల మీదికి తుపాకులిచ్చి పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషుల్ని దింపిన కంపెనీ యజమాని. సుంకం గురించి మాట్లాడేటప్పుడు ఆయన మనసులో నేను లేనే లేను. పని పోయి ఇంట్లో కూర్చున్న తండ్రి ఉన్నాడు.

నాది గాజువాక. మా మేనమామ స్టీల్ ప్లాంటులోనే రిటైరయ్యాడు. 2021 జనవరిలో కేంద్రం ఆ ప్లాంటులో తన వాటా మొత్తం అమ్మేద్దామనుకున్నప్పుడు ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ వాట్సాప్‌లో ఊగిపోయాను. లాభనష్టాల లెక్క చెప్పబోయిన వాడి మీద విరుచుకుపడ్డాను. పక్కింటాయనకి నేను చెప్పిందీ ఆ లెక్కే కదా!

అలాగని ఆయన మాట ఒప్పుకున్నానా? లేదు. 2018లో ఉక్కు దిగుమతుల మీద 25 శాతం సుంకం పడితే ఆయన సంబరపడ్డాడు. ఉక్కు కొని సామాన్లు చేసే ఫ్యాక్టరీల గతేమిటని నేనడిగాను. ఇప్పటికీ తెగలేదు. కాకపోతే ఈ వాదన మా వరండాలో, మీ వదిన చేసిన పకోడీలు తింటూ నడుస్తుంది.

మనవాళ్ళతో ఇంకా కష్టం. రాష్ట్రం విడిపోయిన 2014లో నేనూ ఒక కరీంనగర్ మిత్రుడూ పెన్‌హిల్స్ గుడిలో పులిహోర క్యూలో కూడా ఎడమొహం పెడమొహమే. తెలంగాణలో స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే దక్కాలని 1985లో వచ్చిన 610 జీవో అమలవుతుందని వాళ్ళ నాన్న ఎన్నేళ్ళు ఎదురుచూశాడో నేనెప్పుడూ అడగలేదు. ఎయిర్‌పోర్టుకి దింపమంటే అర్ధరాత్రైనా వచ్చే మనిషి, ఏడాదిపైగా దూరమయ్యాడు.

అందుకని ‘అదెలా నమ్ముతారండీ’ అని మొదలెట్టకు. మీదే ఊరు, మీ వాళ్ళు ఏం పని చేసేవారు అని అడుగు. నీ రంగు చూసి తిట్టేవాడైతే మాత్రం అర్థం చేసుకునే బాధ్యత నీకు లేదు, తలుపేసుకో. ఎన్నికల వారంలో వెళ్ళకు. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ గెలిచిన మర్నాడు వెళ్ళు. ఓడిన మర్నాడైతే ఈ ఊళ్ళో ఏ పార్టీవాడూ మాట్లాడడు.